తాతల నెయ్యి, మన మూతులు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని ఒక సామెత ఉంది. ఈ సామెతను మనం ఎప్పుడూ ఎదుటివాళ్ళ మీదే వాడతాం. మనకూ వర్తిస్తుందని ఎవరం అనుకోం. కాని కొంచెం నెమ్మదిగా ఆలోచించండి. తాతల దాకా పోనక్కర్లేదు. మనమే పదేళ్ళ కిందటో ఇరవై ఏళ్ళ కిందటో తాగిన నెయ్యి ఉంటుంది చూశారూ, దాని వాసన ఇంకా మిగిలి ఉందేమోనని పైపెదవిని ముక్కుకు ఆనించి చూసుకోవడం మనందరికీ అలవాటే.

"జరిగిపోయింది మరిచిపో, ముందుకు చూడు" అని లోకం ఒక సలహా ఇస్తూ ఉంటుంది. ఈ సలహా ఎప్పుడూ దుఃఖంలో ఉన్నవాళ్ళకే ఇస్తారు. బిడ్డ పోయిన తల్లికి, పంట పోయిన రైతుకు, పరీక్ష పోయిన పిల్లవాడికి. నా అనుభవం వేరు. దుఃఖానికి ఒక మంచి గుణం ఉంది. ఎంత పెద్దదైనా రోజురోజుకూ అరుగుతుంది. ఎవరూ దాన్ని తుడిచి, మెరుగుపెట్టి పదిలంగా దాచుకోరు. దాచుకునేది గొప్పతనాన్ని. ఒకప్పుడు మనం కూర్చున్న కుర్చీని, మనకు పెట్టిన దండాలను, మన మాటకు ఉన్న విలువను. అవి పోయిన తరువాత కూడా దినమూ బయటికి తీసి తుడుచుకుంటాం. అంచేత వదలడం కష్టమయ్యేది ఏడిపించిన గతం కాదు, మురిపించిన గతం అని నాకు అనిపిస్తుంది.

నేను ఉండేది తిరుపతిలో. వదలడం అనే మాటకు మా ఊళ్ళో కళ్ళకు కనిపించే అర్థం ఉంది. బస్టాండు దగ్గర నిలబడి చూస్తే చాలు. చందనం పూసుకున్న గుండ్లు వరసగా కొండ దిగి వస్తూ ఉంటాయి. కోటీశ్వరుడి గుండూ, కూలివాడి గుండూ పక్కపక్కనే బస్సెక్కుతాయి. బట్టలు చూడకపోతే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. కొండమీద కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు ఇస్తారు. పూర్తిగా ఇవ్వలేని ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇస్తారు. అట్లా పోగైన జుట్టును పొడుగును బట్టి రకాలుగా విడదీసి దేవస్థానంవాళ్ళు వేలం వేస్తారు. అక్కడి నుంచి అది సముద్రాలు దాటి సవరాలుగా, విగ్గులుగా మారుతుంది. మనం వదిలేసిన అందం ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి తలమీద అందంగా కూర్చుంటుందన్నమాట. ఇచ్చినవాళ్ళకు ఆ సంగతి పట్టదు. పట్టకపోవడంలోనే ఉంది ఇవ్వడం.

అయితే జుట్టు ఇవ్వడంలో ఒక సౌకర్యం ఉంది. మళ్ళీ మొలుస్తుంది. మూడు నెలలు తిరిగేసరికి దువ్వెన అవసరమవుతుంది. దువ్వెనతోబాటు పాత మనిషి కూడా తిరిగి వస్తాడు. అందుకే గుండు చేయించుకున్నవాళ్ళందరూ గతాన్ని వదిలినవాళ్ళు కారు. ఆ మాట తరువాత చెబుతాను.

ఇదే కొండమీద ఇంకో కథ ఉంది. అందులో గుండు చేయించుకోనన్న ఆడమనిషి గొప్పది. పద్ధెనిమిదో శతాబ్దంలో తరిగొండలో వెంగమాంబ అనే ఆమె ఉండేది. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. ఆ భర్త పోయాడు. ఆనాటి ఆచారం ప్రకారం తల తీయించుకుని, బొట్టు చెరిపేసుకుని మూలన కూర్చోవాలి. ఆమె ఒప్పుకోలేదని, నా భర్త వేంకటేశ్వరుడేనని నిలబడిందని చెప్పుకుంటారు. ఊరు ఊరంతా ఆమె మీద లేచింది. చివరికి తరిగొండ వదిలి తిరుమల చేరింది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం లాంటి గ్రంథాలు రాసింది. ఈనాటికీ రాత్రి ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలితోబాటు తరిగొండవారి హారతి జరుగుతుంది. కొండమీద వేలమందికి భోజనం పెట్టే పెద్ద అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు.

చూడండి, కత్తి ఒకటే. కల్యాణకట్టలో మొక్కు తీర్చుకునేవాడికి ఆ కత్తి పాతది వదిలించే కత్తి. వెంగమాంబ దగ్గరికి వచ్చిన కత్తి అట్లాంటిది కాదు. నీకు జరిగిన ఒక్క సంగతే ఇక నీ బతుకంతా అని తలమీద ముద్ర వెయ్యడానికి వచ్చిన కత్తి అది. ఆమె జుట్టు ఉంచుకుని గతాన్ని వదిలింది. మనలో కొందరం జుట్టు వదిలి గతాన్ని ఉంచుకుంటాం.

ఇప్పుడు మా నాయన సంగతి చెబుతాను. ఆయన కరణం.

ఈనాటి పిల్లలకు కరణం అంటే సినిమాలో వేషమే గాని తెలియదు. ఊళ్ళో భూమి లెక్కలన్నీ రాసేవాడు కరణం. ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ మడిలో ఏ పంట, ఏ బావి ఎవరెవరికి ఉమ్మడి, అంతా ఆయన అడంగల్లో ఉంటుంది. శిస్తు వసూలు చేసేది మునసబు. లెక్క కరణానిది. జీతం చూస్తే నవ్వొస్తుంది. పెత్తనం చూస్తే ఏడుపొస్తుంది. సుమతీ శతకం రాసినాయన కరణాలను అన్ని పద్యాల్లో ఊరికే తలుచుకోలేదు.

ఈ పని తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. తెల్లదొరల కాలంలో 1895లో దానికొక చట్టం కూడా చేశారు. స్వతంత్రం వచ్చాక, పుట్టుకను బట్టి సర్కారు పదవి ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద వంశపారంపర్యం పోయిందిగాని, ఊళ్ళలో ఆ తిన్నెలు ఆ ఇళ్ళ ముందే ఉండిపోయాయి. చిత్తూరుకు ఉత్తరంగా పూతలపట్టు దారిలో ఉన్న మా ఊళ్ళో, మా తాత పోయిన 1958లో నాయన కరణమయ్యాడు. ఆ సంవత్సరమే నేను పుట్టాను. మా ఇద్దరిలో ఎవరు ముద్దో అమ్మకు తెలుసుగాని, నాయనకు మాత్రం కరణీకమే పెద్దబిడ్డ.

1984 జనవరిలో, సరిగ్గా సంక్రాంతి ముందు, రామారావుగారి ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో రాష్ట్రంలో కరణాలను, మునసబులను తీసేసింది. నాయన లెక్కలన్నీ మూట కట్టి, బండిలో వేసుకుని తాలూకా ఆఫీసులో అప్పగించి వచ్చాడు. ఆ పండక్కి మా ఇంట్లో పొంగలి పెట్టారుగాని ఎవరూ తిన్నట్టు నాకు గుర్తులేదు. నేనప్పటికి కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరాను. ఆదివారాలు ఊరికి వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా చూసేది ఒకటే దృశ్యం. పొద్దున్నే స్నానం చేసి, చలువ చొక్కా తొడుక్కుని, తిన్నెమీద రాతపెట్టె ముందు పెట్టుకుని నాయన కూర్చునేవాడు. పెట్టెలో కాగితం లేదు. ముందు మనిషి లేడు. పదకొండు గంటల దాకా కూర్చుని, పని ముగిసినవాడిలా లేచి లోపలికి వచ్చేవాడు.

ఆ ఏడే కొండకు పోయి గుండు చేయించుకు వచ్చాడు. గుండుతో కూడా పొద్దున్నే అదే తిన్నె, అదే పెట్టె. తరువాత చెబుతానన్న మాట ఇదే. జుట్టు పోయింది, కరణీకం పోలేదు.

రద్దు చెల్లదని కరణాలు, మునసబులు కోర్టుకు పోయారు. నాయన ఆశంతా దానిమీదే. 1985లో రద్దు చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసింది. అదే సంవత్సరం తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆయన తెలిసిన లోకంలో పేర్లు కూడా మిగల్లేదు. పేపరు నాలుగు మడతలు మడిచి, రాతపెట్టెలో పెట్టి, మూత వేసి, దానిమీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

అమ్మ మాత్రం అప్పటికే ముందుకు కదిలింది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన డబ్బుతో ఒక సీమావును కొన్నది. పొద్దునా సాయంత్రమూ పాలు పిండి పాలకేంద్రంలో పోయించేది. నాయనకు తల కొట్టేసినట్టయింది.

"కరణం ఇంట్లో పాలమ్ముకోవడమా?" అన్నాడు.

"పాలు కరణానివి కాదండీ, ఆవువి" అన్నది అమ్మ, చెంబు కడుగుతూ.

ఆమెకు కరణం పెళ్ళాం అనే కుర్చీ ఎప్పుడూ లేదేమోనని నాకు అనుమానం. పేరు ఆయనది, పొయ్యి ఆమెది. కుర్చీలో కూర్చోని మనిషికి లేవడం సులువు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం తూర్పువీధి ముసలామె ఒకామె తిన్నె దగ్గరికి వచ్చింది. మొగుడు లేడు, కొడుకు బెంగుళూరులో కూలికి పోయాడు. ఆమెకున్నది ఎకరా చిల్లర వేరుశెనగ చేను. పక్క చేనువాడు దున్నేటప్పుడు సరిహద్దు రాయి కనబడకుండా పోయింది. గట్టు ఏడాదికేడాది ఇటు జరుగుతూ వస్తున్నది. మండలాఫీసులో అడిగితే కొత్తగా వచ్చినాయన, వాయిదా మీద వాయిదా చెప్పాడట. రాయి ఎక్కడుండేదో చెప్పమని ఆమె అడిగింది.

నాయన మొహం చిట్లించుకున్నాడు. "నేనిప్పుడు కరణాన్ని కాదమ్మా. నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు. ఆ మాటలో సగం కోపం, సగం ఆశ. కాదు సామీ, మాకు ఎప్పటికీ మీరే కరణం అని ఆమె అంటుందని ఎదురుచూశాడనుకుంటాను.

ఆమె అట్లా అనలేదు.

"కరణమై ఉంటే నేను రాకపోదును సామీ. కరణం తిన్నె ఎక్కాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాల గదా. ఉత్తచేతుల్తో వస్తే పని జరిగేదా? ఇప్పుడు మీరూ మామాదిరి మామూలు మనిషే అయినారు. అడిగితే చెబుతారులే అని దైర్నంగా వస్తి."

నేను లోపల గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఎర్రసిరా కలం అట్లాగే చేతిలో ఆగిపోయింది. అమ్మ దొడ్డివైపు నుంచి వచ్చి వాకిలి దగ్గర నిలబడింది. నాయన ఏమీ అనలేదు. ఆమెకు మంచినీళ్ళు ఇమ్మని మాత్రం అమ్మకు చెప్పాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, చలువ చొక్కా జోలికి పోకుండా, తలకు తువ్వాలు చుట్టుకుని ఆ చేనికి పోయాడు. నేనూ వెంట పోయాను. వంకగట్టు మీది చింతచెట్టు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని ఏదో లెక్క చూసుకున్నాడు. అడుగులు కొలుస్తూ నడిచి, ఒకచోట ఆగి ఇక్కడ తవ్వమన్నాడు. పక్క చేనువాణ్ణి కూడా పిలిపించి, అతని ముందరే తవ్వించాడు. మూరెడు లోతులో పార రాతికి తగిలింది. ఆ చప్పుడు విన్నప్పుడు నాయన మొహం చూశాను. పాతికేళ్ళ కరణీకంలో, జమాబందీకి దొరలు వచ్చి లెక్కలు బాగున్నాయని మెచ్చుకుని పోయిన రోజున కూడా అంత సంతోషం నేను చూడలేదు.

ఆ రోజుతో ఆయన మారిపోయాడంటే నమ్మకండి. మనుషులు అట్లా మారరు. కాని రాతపెట్టె తిన్నెమీది నుంచి లోపలికి పోయింది. తిన్నె ఖాళీ అయ్యేసరికి జనం వచ్చి కూర్చోవడానికి చోటు దొరికింది. మొదట ఒకరిద్దరు అర్జీలు రాయించుకోవడానికి వచ్చారు. తరువాత నాయనే ఒక వింత పని మొదలుపెట్టాడు. అడంగలు చదవడం ఎట్లాగో రైతులకు నేర్పడం. ఏ గడిలో ఏముంటుంది, పట్టాదారు పేరు ఎక్కడ, సాగులో ఉన్నవాడి పేరు ఎక్కడ, పొట్టి అక్షరాలకు అర్థమేమిటి, ఏ గీత చూసి మోసం కనిపెట్టాలి అన్నీ చెప్పేవాడు. మూడు తరాలు మా ఇంటిని నిలబెట్టింది ఆ రహస్యమే. ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడమే దాని విలువ. దాన్ని సాయంత్రం పూట తిన్నెమీద కూర్చుని, శెనక్కాయలు వలుచుకుంటూ ఊరికే పంచిపెట్టేశాడు.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. ఆయనకు రెండు ఉండేవి. ఒకటి కుర్చీ, రెండు పని. ఇరవయ్యారేళ్ళూ అవి రెండూ ఒకటేననుకున్నాడు. సర్కారు తీసుకున్నది కుర్చీని. పనిని ఎవరూ అడగలేదు. కుర్చీ పోయిందని ఏడుస్తూ పనిని కూడా మూలన పడేశాడు. కుర్చీని వదిలిన రోజున పని మళ్ళీ చేతికి వచ్చింది. గతాన్ని వదలడమంటే దాన్ని మొత్తంగా పెంటకుప్పలో పారవెయ్యడం కాదు. అందులో ఏది కుర్చీ, ఏది పని అని వేరుచెయ్యడం.

మా నాయన రెవెన్యూ కాగితాల మనిషి గనక, ఇంకొక రెవెన్యూ ఉద్యోగి కొడుకు కథ కూడా చెబుతాను. అదీ మన సీమదే. ఆ కరణాల చట్టం వచ్చిన 1895లోనే, మే నెలలో మదనపల్లెలో జిడ్డు నారాయణయ్యగారికి ఎనిమిదో బిడ్డ పుట్టాడు. ఎనిమిదోవాడు గనక కృష్ణుడి పేరు పెట్టారు. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులోకి వచ్చింది. పదేళ్ళవాడికి తల్లి పోయింది. తండ్రి ఉద్యోగం నుంచి దిగి, 1909లో పిల్లలను వెంటబెట్టుకుని మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం దగ్గర చేరాడు. అక్కడ లెడ్‌బీటరు అనే దొర సముద్రపు ఒడ్డున ఈ బక్కపిల్లవాణ్ణి చూసి, లోకానికి రాబోయే జగద్గురువుకు ఇతడే పాత్ర అన్నాడు. అనీబిసెంటమ్మ నమ్మింది. 1911లో పిల్లవాణ్ణి ముందు పెట్టుకుని నక్షత్ర సంఘం ఒకటి వెలిసింది. ఇంగ్లండులో చదువు, దేశదేశాల్లో వేలమంది భక్తులు, హాలండులో ఒక జమీందారు రాసిచ్చిన కోట. ఇంతకంటే పెద్ద కుర్చీ మన జిల్లావాడు మరొకడు ఎక్కాడని నేననుకోను.

1925లో ఆయన తమ్ముడు నిత్యానందం క్షయతో చనిపోయాడు. ఆ తమ్ముడు బతుకుతాడని, మహాత్ములు కాపాడతారని పెద్దలందరూ నమ్మించారు. ఆ దెబ్బతో కృష్ణమూర్తి లోపల ఏదో విరిగింది. నాలుగేళ్ళ తరువాత, 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో సుమారు 3000 మంది సభ్యులు కూర్చుని ఉండగా, అనీబిసెంటమ్మ కూడా వింటూ ఉండగా, ఆ సంఘాన్ని రద్దు చేస్తున్నానని చెప్పాడు. సత్యానికి వేసిన దారి అంటూ లేదని, నాకు శిష్యులు అక్కర్లేదని ఆయన చెప్పినదాని సారం. కోట దాతకే తిరిగిపోయింది. అప్పటికాయనకు ముప్పై నాలుగేళ్ళు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తాను నేను. మా నాయన కుర్చీని సర్కారు లాగేసింది, ఆయన వదల్లేదు. కృష్ణమూర్తి కుర్చీని ఎవరూ లాగలేదు, ఆయనే లేచాడు. పోలిక మరీ పెద్దదని మీరు నవ్వవచ్చు. కాని కరణమైనా జగద్గురువైనా కుర్చీ కుర్చీయే. లేవడానికి మోకాళ్ళలో కావలసిన బలం ఒకటే.

కొందరు అంటారు: ఏం వదిలాడండీ, ఆ తరువాత కూడా యాభై ఏళ్ళకు పైగా దేశాలు తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు గదా, జనం వస్తూనే ఉన్నారు గదా అని. నిజమే. 1986లో కాలిఫోర్నియాలో కన్నుమూసేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. మదనపల్లెకు దగ్గరలో కొండల నడుమ ఋషివ్యాలీ బడి ఆయన మొదలుపెట్టిందే. ముసలితనంలో కూడా అక్కడికి వచ్చి, పిల్లలతో కూర్చుని మాట్లాడేవాడు. నేను చెప్పేదీ అదే. వదిలింది కుర్చీని, పనిని కాదు. జగద్గురువు చెప్పాడు గనక వినండి అనే పాతమాటకు బదులు, నేను చెప్పానని నమ్మకండి, మీరే చూసుకోండి అనే కొత్తమాట వచ్చింది. తిన్నెమీద రాతపెట్టె తీసేస్తే పదిమందికి చోటు దొరికినట్టే ఇదీను.

ఒక్క సంగతి మాత్రం నాకు కలుక్కుమంటుంది. ఇంగ్లండులో పెరిగిన ఆ పిల్లవాడు తెలుగు మరిచిపోయాడు. చిన్నప్పటి సంగతులు కూడా దాదాపు ఏవీ జ్ఞాపకం లేవని చెప్పేవాడు. దీన్ని వదలడం అనను. ఇది పోవడం. తెలిసి చేత్తో దించినది వదలడం. తెలియకుండా జేబులోంచి జారిపోయింది పోవడం. పోయినదాన్ని చూసి ఎంతో వైరాగ్యమని మెచ్చుకోనక్కర్లేదు. ఉన్నదాన్నంతా పారేస్తేనే పెరుగుతామనీ అనుకోనక్కర్లేదు.

ఇక నా సంగతి. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి కొన్నేళ్ళయింది. పొద్దున్నే విశ్వవిద్యాలయం ఆవరణలో నడకకు పోతాను. చెట్ల కింద మాలాంటివాళ్ళు చాలామంది కలుస్తారు. అందరూ మంచివాళ్ళే. అయితే మా బృందంలో ఈనాటి మనిషి ఒక్కడూ లేడు. ఒకరు మాజీ ఇంజనీరు, ఒకరు మాజీ మేనేజరు, ఒకరు మాజీ రిజిస్ట్రారు. కొత్తవాడు వస్తే పేరుకు ముందు హోదా చెబుతారు. నడిచేది ముందుకే, మాట్లాడేది మాత్రం వెనక్కు. ఫలానా కలెక్టరు నాకెంత గౌరవమిచ్చాడో తెలుసా అని మొదలైతే రెండు చుట్లు పూర్తయ్యేదాకా ఆగదు. నేతివాసన పొద్దున్నే గుప్పుమంటుంది.

వాళ్ళను చూసి నవ్వుకునే హక్కు నాకు లేదు. నా ఇంటి గేటుకు కూడా "ప్రధానోపాధ్యాయులు (రిటైర్డ్)" అని రాగిరేకు ఉండేది. ముప్పై ఆరేళ్ళు క్లాసులోకి అడుగుపెట్టగానే యాభైమంది లేచి నిలబడితే, ఆ తరువాత బజారులో ఎవరూ లేవకపోవడం వింతగానే ఉంటుంది. మా నాయన తిన్నె నా గేటు దాకా నడిచి వచ్చిందని ఒకరోజు ఆ రేకు తుడుస్తూ ఉండగా తోచింది. తుడవడం ఆపి, స్క్రూలు విప్పేశాను. వెలిసిన రంగు మధ్య నాలుగు మేకుల గుంటలు, ఒక పాతరంగు చదరం మిగిలాయి. అవి అట్లాగే ఉన్నాయి. రంగు వెయ్యాలనిపించలేదు.

రేకు తీసేస్తే సరిపోదు. ఖాళీగా ఉన్న చోటికి పాతదే తిరిగి వస్తుంది, జుట్టులాగా. ఏదైనా కొత్తది నాటుకోవాలి. చిత్తూరు జిల్లావాళ్ళకు అరవం ఇంటి పక్కభాష. నాకూ మాట్లాడడం వచ్చు. చదవడం రాదు. చిన్నప్పటి నుంచి బస్సు బోర్డుల మీద ఆ అక్షరాలు చూసి తల తిప్పుకోవడమే. మా వెనకవాటాలో తిరుత్తణి నుంచి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ళ అమ్మాయి కాలేజీలో చదువుతుంది. నాకు అరవ అక్షరాలు నేర్పుతావా అమ్మా అని అడిగితే మొదట పరాచికమనుకున్నది. ఇప్పుడు వారానికి రెండురోజులు పాఠం.

నాకు అన్నిటికంటే తికమకపెట్టింది ఒక చిన్న సంగతి. మనకు క, ఖ, గ, ఘ అని నాలుగు అక్షరాలుంటే, వాళ్ళకు అన్నిటికీ ఒకటే. ఎక్కడ ఏది పలకాలో చోటును బట్టి తెలుసుకోవాలి. "ఇదేం లిపమ్మా, మా తెలుగులో అయితే..." అని మొదలుపెట్టాను. ఆ పిల్ల నోటుపుస్తకం నావైపు జరిపి, "సార్, కాసేపు తెలుగును పక్కన పెట్టి చదవండి" అన్నది.

మరిచిపోండి అనలేదు, పక్కన పెట్టండి అన్నది. ముప్పై ఆరేళ్ళలో నేను పిల్లలకు చెప్పిన ఏ పాఠంలోనూ ఇంత మంచి మాట ఉందో లేదో. పక్కన పెట్టినది ఎక్కడికీ పోదు. కావలసినప్పుడు చెయ్యి చాచి తీసుకోవచ్చు. కాని అది మోకాళ్ళ మీద ఉంటే కొత్త పుస్తకం పెట్టుకోవడానికి చోటుండదు.

నా నోటుపుస్తకంలో ఎర్రసిరా గీతలు బాగానే ఉన్నాయి. ఆ కలం ఇన్నేళ్ళూ నా చేతిలో ఉండేది. ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఉంది. మొదటిరోజు చురుక్కుమన్న మాట నిజమే. నెల తిరిగేసరికి, తిరుపతి బస్టాండులో చెన్నై బస్సు బోర్డును ఎవరి సాయం లేకుండా కూడబలుక్కుని చదివాను. పక్కనున్న కండక్టరు నన్ను చూసి, "ఎక్కుతారా పెద్దాయనా?" అన్నాడు. ఎక్కనన్నాను, చదివానంతే అన్నాను. అతనికి అర్థం కాలేదు, పోనివ్వండి.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక రాతపెట్టె ఉండే ఉంటుంది. ఒకప్పటి ఉద్యోగమో, ఒకప్పటి ఆస్తో, కాలేజీలో గెలుచుకున్న కప్పో, పదిమందీ మెచ్చుకున్న గొంతో. దాన్ని తగలెయ్యమని నేను చెప్పను. మూత తీసి, లోపల కుర్చీ ఎంత, పని ఎంత అని ఒకసారి లెక్క చూసుకోండి. పని ఉంటే తీసి ఎవరికైనా పంచండి. కుర్చీ ఉంటే తిన్నెమీది నుంచి లోపలికి జరపండి. ఎవరో ఒకరు ఉత్తచేతులతో వచ్చి కూర్చుంటారు.

ఇక సెలవు. రేపు శనివారం, పాఠం ఉంది. ఇచ్చిన పది వాక్యాల్లో నేనింకా ఆరే రాశాను.